కరోనా కాలంలో కిడ్నీ మార్పిడి: జాలరిపేట నుంచి ఒక చూపు

కరోనా గురించి మనవాళ్ళు చాలా రాశారు. నడిచిపోయిన వలస కూలీల గురించి రాశారు, ఆక్సిజన్ గురించి రాశారు, శ్మశానాల గురించి రాశారు. అవయవ మార్పిడి గురించి మాత్రం మన వైపు నుంచి రాసింది చాలా తక్కువ. "అది డబ్బున్నోళ్ళ జబ్బు గదా, మనకెందుకు" అని ఒక కార్యకర్త మిత్రుడు నాతో అన్నాడు. ఈ వ్యాసం ఆ మాటకి నా జవాబు.

విశాఖ జాలరిపేటలో మా వీధి చివర ఒకాయన ఉండేవాడు. ఆయన జాలరి, మేము మాలలం. కులం వేరయినా వరసలు కలుపుకుని పిలుచుకునే పేట మాది, అందుకని నాకు చిన్నాన్న అవుతాడు. మరపడవ మీద కళాసీ. పదిహేను రోజుల వేటకి వెళ్ళి వచ్చేవాడు. 2019లో కాళ్ళు పొంగాయి, ఆయాసం వచ్చింది, పరీక్ష చేస్తే రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదన్నారు. అప్పటికి నలభై ఒక్కేళ్ళు. వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలుపెట్టారు. పిన్ని చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే మనిషి. "నా కిడ్నీ ఒకటి తీసి ఈయనకి పెట్టండి" అంది. రక్తం గ్రూపు కలిసింది. మిగిలిన పరీక్షలకి 2020 మార్చి ఆఖరి వారంలో రమ్మన్నారు. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. ఆ ఆఖరి వారం వాళ్ళకి మళ్ళీ రాలేదు.

ఇది ఒక ఇంటి దురదృష్టం మాత్రమే అయితే వ్యాసం రాయనవసరం లేదు. మన దేశంలో 2019లో 12,666 అవయవ మార్పిడి ఆపరేషన్లు జరిగాయి. 2020లో అవి 7,443కి పడిపోయాయి. అంటే నూటికి 41 తగ్గాయి. చనిపోయాక అవయవాలు ఇచ్చిన దాతలు 715 నుంచి 351కి, సగానికి తక్కువకి దిగిపోయారు. ఇలా ఎందుకయింది, ఆ భారం ఎవరి మీద పడింది అన్నది అర్థం చేసుకోవాలంటే ముందు ఈ మార్పిడి ఎట్లా నడుస్తుందో తెలియాలి.

ఆపరేషన్ ఒకటే, దాని వెనక పనులు ఎన్నో

మార్పిడికి అవయవాలు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, బతికున్న మనిషి ఇవ్వడం. కిడ్నీలు రెండుంటాయి గనక ఒకటి ఇవ్వొచ్చు, కాలేయంలో ఒక ముక్క ఇవ్వొచ్చు. 1994లో కేంద్రం చేసిన చట్టం అవయవాల అమ్మకాన్ని నేరంగా ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తన సొంత చట్టం చేసుకుంది. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, భార్యాభర్తలు దగ్గరి బంధువుల లెక్కలోకి వస్తారు. 2011లో కేంద్ర చట్టాన్ని సవరించి తాతలు, అవ్వలు, మనవళ్ళని కూడా చేర్చారు. వీళ్ళు కాకుండా ఎవరిచ్చినా ప్రత్యేక కమిటీ అనుమతి కావాలి.

రెండోది, బ్రెయిన్ డెడ్ అయిన మనిషి నుంచి తీసుకోవడం. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ఇంటి దగ్గర చనిపోయిన మనిషి కళ్ళు ఇవ్వొచ్చు గాని కిడ్నీలు, గుండె ఇవ్వడం కుదరదు. రక్తం ఆగిన కొద్దిసేపటికే అవి పాడయిపోతాయి. తలకి దెబ్బ తగిలో, మెదడులో నరం చిట్లో మెదడు పూర్తిగా చచ్చిపోయి, వెంటిలేటర్ మీద ఊపిరి, మందుల మీద గుండె నడుస్తున్న మనిషి నుంచే వాటిని తీసుకోగలరు. నలుగురు డాక్టర్లు పరీక్షించాలి. ఆరు గంటలయినా గడిచాక అవే పరీక్షలు మళ్ళీ చెయ్యాలి. అప్పుడు ఆ ఇంటివాళ్ళని అడగాలి. వాళ్ళు ఒప్పుకుంటే జాబితా చూసి ఎవరికి వెళ్ళాలో తేల్చాలి. అవయవం తీసిన దగ్గర్నించి గడియారం పరిగెడుతుంది. గుండెకీ ఊపిరితిత్తులకీ నాలుగు నుంచి ఆరు గంటలు, కాలేయానికి పన్నెండు గంటలు, కిడ్నీకి ఒక రోజు, కొంచెం పైన.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ పనిని 2013 నుంచి హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ పథకం చూసింది. రాష్ట్రం విడిపోయాక 2015లో ఆంధ్రప్రదేశ్‌కి వేరే జీవన్‌దాన్ వచ్చింది. పేరు అందులో చేరాలంటే మార్పిడికి అనుమతి ఉన్న ఏదో ఒక ఆసుపత్రి ద్వారానే చేరాలి. అలాంటి ఆసుపత్రుల్లో ఎక్కువ కార్పొరేట్‌వే. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2016లో గుండె మార్పిడి చేశారు. నేను దాన్ని గర్వంగానే చెప్తాను. అయినా అది మినహాయింపే గాని మామూలు కాదు. దాత చనిపోయిన ఆసుపత్రికి మార్పిడి అనుమతి ఉంటే, మామూలుగా ఒక కిడ్నీ ఆ ఆసుపత్రి జాబితాలో ఉన్న రోగికే వెళ్తుంది, రెండోది అందరి జాబితాకి వస్తుంది. దీన్ని బట్టి ఎవరి జాబితాలో ఉన్నాం అన్నది ఎంత ముఖ్యమో మీరే ఊహించుకోండి.

ఈ గొలుసులో ఏ ఒక్క లింకు తెగినా మొత్తం పని ఆగిపోతుంది. కరోనా వచ్చినప్పుడు ఒకటి కాదు, అన్నీ తెగాయి.

ప్రమాదాలు తగ్గడం వల్లేనా?

దాతలు ఎందుకు తగ్గారంటే డాక్టర్లు, పత్రికలు ఒక కారణం చెప్పేవి. లాక్‌డౌన్‌లో రోడ్డు ప్రమాదాలు తగ్గాయి, అందుకని బ్రెయిన్ డెడ్ కేసులు తగ్గాయి అని. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్కలు తీసి చూద్దాం. దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 2019లో 1,51,113 మంది చనిపోయారు, 2020లో 1,31,714 మంది. అంటే నూటికి 13 మంది తగ్గారు. దాతలు మాత్రం నూటికి 51 మంది తగ్గారు. పదమూడుకీ యాభై ఒకటికీ మధ్య ఉన్న తేడాని రోడ్డు ప్రమాదాలు వివరించలేవు. దాన్ని ఆసుపత్రి లోపలే వెతకాలి.

మొదటిది వెంటిలేటర్. బ్రెయిన్ డెడ్ మనిషిని ఒక రోజో, రోజున్నరో ఐ.సి.యు.లో వెంటిలేటర్ మీద ఉంచి, రక్తపోటు పడిపోకుండా చూస్తేనే అవయవాలు బతుకుతాయి. బతికే ఆశ ఉన్న కోవిడ్ రోగి బయట మంచం కోసం కాచుకుని ఉంటే, చనిపోయాడని తేలిన మనిషికి ఆ మంచం ఎవరిస్తారు? డాక్టర్లని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. అన్ని మంచాలే ఎందుకున్నాయి అన్నదే అడగాల్సిన ప్రశ్న. విశాఖలో హనుమంతవాక దగ్గరి విమ్స్‌ని మొత్తంగా కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. మనం పెద్దాసుపత్రి అనే కె.జి.హెచ్.లో కోవిడ్‌కి వేరే బ్లాకు పెట్టారు. 1923 నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న జనానికంతటికీ దిక్కయిన ఆసుపత్రి అది. లాక్‌డౌన్ నడుస్తుండగానే, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాసు లీకయి 12 మంది చనిపోయారు. వందలమంది బాధితులని తీసుకెళ్ళింది కూడా ఎక్కువగా ఆ పెద్దాసుపత్రికే. పరిశ్రమల ఊరికి రెండు విపత్తులు ఒకేసారి వస్తే మోయాల్సింది అవే మంచాలు, ఆ మనుషులే.

రెండోది పరీక్ష. జాతీయ అవయవ మార్పిడి సంస్థ, నోట్టో, 2020లో మార్గదర్శకాలిచ్చింది. ఇచ్చేవారికీ తీసుకునేవారికీ కోవిడ్ పరీక్ష జరగాలి. అత్యవసరం కాని బతికున్న దాతల ఆపరేషన్లు వాయిదా వెయ్యాలి. అందులో తప్పు లేదు. మార్పిడి చేసుకున్న మనిషికి కొత్త అవయవాన్ని శరీరం తోసిపారెయ్యకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు, టాక్రోలిమస్ వంటివి, జీవితాంతం ఇవ్వాలి. మొదటి నెలల్లో మోతాదు మరీ ఎక్కువ. వైరస్ తిరుగుతున్న వార్డులో అట్లాంటి మనిషిని పడుకోబెట్టడమంటే ప్రాణం మీదికి తేవడమే. అయితే 2020 మొదటి నెలల్లో ఆర్.టి.పి.సి.ఆర్. ఫలితం రావడానికి పట్టే సమయం, బ్రెయిన్ డెడ్ మనిషి గుండె నిలిచే సమయం పోటీ పడేవి.

మూడోది ప్రయాణం. మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలో మామూలు విమానాలు ఎగరలేదు. రైళ్ళు ఆగిపోయాయి. ఒక ఊళ్ళో తీసిన గుండెని ఇంకో ఊరికి చేర్చే ఏర్పాటు మూలబడింది.

ఈ కారణాలు ప్రపంచమంతటా ఉన్నాయి గదా అనొచ్చు. ఉన్నాయి. 2021లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 22 దేశాల లెక్కలు వచ్చాయి. 2020లో అక్కడ మార్పిడులు మొత్తం మీద 16 శాతం తగ్గాయి, అంటే 11,253 ఆపరేషన్లు తక్కువ. కిడ్నీలు 19 శాతం, గుండె 5 శాతం. మనకి 41 శాతం. ఈ తేడాకి ఒక పెద్ద కారణం మన పద్ధతిలోనే ఉంది. ఇక్కడ నూటికి ఎనభైకి పైగా మార్పిడులు బతికున్నవాళ్ళు ఇస్తేనే జరుగుతాయి. "వాయిదా వెయ్యండి" అనే ఒక్క మాటతో ఆ ఎనభై ఆగిపోయాయి.

ఇంకో సంగతి. తెలంగాణ జీవన్‌దాన్‌లో 2020లో 75 మంది దాతలుంటే, 2021లో 162 మంది అయ్యారు. రెండో అల, మొదటిదానికంటే ఘోరమయింది, వచ్చింది 2021లోనే కదా! అంటే మహమ్మారి ఉంటే దానం ఆగిపోవాల్సిందే అన్న నియమం ఏమీ లేదు. పరీక్షలు త్వరగా జరిగి, సమన్వయం చేసే మనుషులు ఉండి, కోవిడ్ వార్డుకీ మార్పిడి వార్డుకీ దారులు వేరు చేస్తే పని నడుస్తుంది. ఆగిపోవడంలో వైరస్ వాటా కొంత, మన ఏర్పాట్ల వాటా కొంత.

వాయిదా అంటే డయాలసిస్

ఆపరేషన్ వాయిదా పడిన కిడ్నీ రోగి ఇంట్లో కూర్చోడు. అతను డయాలసిస్ యంత్రానికి కట్టుబడి ఉంటాడు. వారానికి మూడుసార్లు చెయ్యాలి, మన దగ్గర ఎక్కువమందికి రెండుసార్లే చేస్తారు. ఒక్కోసారి నాలుగు గంటలు. ఒకటి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. రెండు తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు. గుండె ఎప్పుడు ఆగుతుందో తెలీదు. ఇది ఇంట్లో కూర్చుని చేసుకునేది కాదు, "స్టే హోమ్" అన్న నినాదం వీళ్ళకి వర్తించదు. మన దేశంలోని 19 పెద్ద ఆసుపత్రుల్లో లాక్‌డౌన్ మొదటి వారాల మీద చేసిన అధ్యయనంలో, 2,517 మంది డయాలసిస్ రోగుల్లో 710 మంది ఒకసారో అంతకన్న ఎక్కువో తప్పిపోయారు. 104 మంది రావడమే మానేశారు. ఆ 104 మంది ఏమయ్యారో ఆలోచించాలి.

ఇక్కడ ఉద్దానం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలు. కొబ్బరి, జీడి తోటలు, పక్కనే సముద్రం. కె.జి.హెచ్.లో నెఫ్రాలజీ విభాగాన్ని నడిపిన డాక్టర్ టి. రవిరాజు బృందం అక్కడ 2,210 మందిని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించింది. 18 శాతం మందికి పైగా దీర్ఘకాల కిడ్నీ జబ్బు. చాలామందిలో షుగరు లేదు, బి.పి. కారణమనీ చెప్పలేం. పొలంలో, తోటలో, వేటలో ఒళ్ళు వంచే కులాలే ఎక్కువ ఆ ఊళ్ళలో. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయింది 2023 డిసెంబరు 14న. అంటే మహమ్మారి రెండేళ్ళూ అది లేదు. సోంపేట, పలాస వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలున్నాయి గాని, కాస్త తేడా వస్తే విశాఖ రావాల్సిందే. రైలు లేదు, బస్సు లేదు. కారు మాట్లాడుకుని పోలీసు అనుమతి పట్టుకుని రావాలి. దినకూలీ పని ఆగిపోయిన ఇంట్లో కారు కిరాయి ఎక్కడిది?

మా పేట సంగతి కూడా అంతే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. 2020లో దానికి ముందే లాక్‌డౌన్‌తో పడవలు ఒడ్డుకి చేరాయి. తర్వాత కేంద్రం నిషేధాన్ని మే 31తో ముగిసేలా 47 రోజులకి తగ్గించింది గాని, అప్పటికే రెండు నెలల తిండి పోయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి గుజరాత్ వెరావల్‌కి వేటకి వెళ్ళిన వేలమంది కళాసీలు పడవల్లోనే ఇరుక్కున్నారు. బస్సుల్లో వాళ్ళని తెచ్చేసరికి ఏప్రిల్ ఆఖరు దాటిపోతోంది. చిన్నాన్న తమ్ముడు వాళ్ళలో ఒకడు. అన్నకి కిడ్నీ ఇవ్వడానికి పిన్ని తర్వాత మిగిలిన రక్తసంబంధం అతనే.

ఒక ఆసుపత్రి వాళ్ళు కోవిడ్ పరీక్ష కాగితం లేకుండా డయాలసిస్ మంచం ఎక్కించబోమన్నారు. ఆ కాగితం ఒకసారికే చెల్లుతుంది, మళ్ళీ వారం మళ్ళీ కాగితం. ఆ ఏప్రిల్‌లో చిన్నాన్నకి మూడు డయాలసిస్‌లు తప్పాయి. ఉప్పు చేప తినకూడదని డాక్టరు చెప్పేడు. నిషేధం రోజుల్లో మా పేటలో కూరకి ఎండు చేప తప్ప ఏముంటుంది? "ఏటి తినమంతావు బాబూ, గాలి తినాలా?" అనేవాడు నాతో.

చార్లెస్ నకల్స్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త విశాఖ జాలర్ల మధ్య ఉండి వాళ్ళ అమ్మవార్ల గురించి, రోగం వస్తే ఏ అమ్మవారికి కోపం వచ్చింది, ఏ అన్నదమ్ముల మధ్య తగువు దానికి కారణం అని వెతికే తీరు గురించి పుస్తకం రాశాడు. మంచి పనే. పరిశోధకుడిగా నాకూ పనికొచ్చింది. కాకపోతే మన నమ్మకాల మీద ఉన్నంత ఆసక్తి మన రక్తంలో క్రియాటినిన్ మీద విశ్వవిద్యాలయాలకి ఎప్పుడు కలుగుతుందో తెలీదు.

ఇచ్చే చేతులు ఎవరివి?

బతికున్న దాతల మీద నడిచే పద్ధతి అన్నాను గదా. ఆ దాతలు ఎవరు? నోట్టో లెక్కల ప్రకారం 2019 నుంచి 2023 దాకా దేశంలో బతికుండగా అవయవం ఇచ్చినవాళ్ళు 56,509 మంది. అందులో ఆడవాళ్ళు 36,038 మంది. తీసుకునేవాళ్ళ దగ్గరికొస్తే తిరగబడుతుంది. 1995 నుంచి 2021 దాకా నమోదయిన 36,640 మార్పిడుల్లో 29 వేలకి పైగా మగవాళ్ళకి జరిగాయి, 6,945 ఆడవాళ్ళకి. ఆడది ఇస్తుంది, మగవాడు తీసుకుంటాడు. "సంపాదించే మనిషి బతకాలి గదా" అంటారు. మా పిన్ని సంపాదించడం లేదని ఎవరన్నారు? వలలో పడిన చేపని డబ్బు చేసేది ఆవిడే.

ఆడ, మగ లెక్క ఉంది. రాష్ట్రాల లెక్క ఉంది. నేను చూసిన నివేదికల్లో కులం గడి మాత్రం లేదు. రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయ్యేవాడు ఎక్కువగా కారులో కూర్చున్నవాడు కాదు, సైకిలు మీద, మోపెడ్ మీద, కాలినడకన పనికి పోయేవాడు. అతని గుండె, కాలేయం వెళ్ళేది లక్షలు కట్టగలిగినవాడికి. కిడ్నీ మార్పిడి ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది, దాన్ని కాదనను. అది లేకపోతే చిన్నాన్న ఆ ఊసే ఎత్తేవాడు కాదు. కాని ఆపరేషన్ ముందు పరీక్షలు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మందులు, ఊపిరి బిగబట్టి ఊళ్ళు తిరగడం, ఇద్దరు మనుషులు నెలలపాటు పనిమానెయ్యడం, ఇవి కార్డు మీద రావు.

దానం ఆగిపోయిన చోట అమ్మకం తలెత్తుతుందన్న భయం ఊహ కాదు. 2004 డిసెంబరు 26 సునామీలో ఇళ్ళు పోయిన మద్రాసు మత్స్యకారులని ఊరికి ఉత్తరాన ఎర్నావూర్‌లో పెట్టారు. సముద్రానికి దూరం, పని లేదు, అప్పులు. అక్కడి ఆడవాళ్ళు చాలామంది కిడ్నీలు అమ్ముకున్నారని 2007 జనవరిలో బయటపడింది. వాళ్ళూ మనలాగే సముద్రం మీద బతికే కులం. 2000లో పల్నాడు రెంటచింతల వైపు అప్పుల్లో మునిగిన రైతులు కిడ్నీలు అమ్ముకున్న కథలు వచ్చాయి. విశాఖలోనే 2019లో ఒకసారి, 2023లో మళ్ళీ కిడ్నీ రాకెట్ల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. మధ్యలో ఉన్నవి కరోనా సంవత్సరాలు. అమ్మినవాడు బాగుపడతాడా? మద్రాసులో కిడ్నీ అమ్మిన 305 మందిని 2001లో కలిసి చేసిన అధ్యయనం ఉంది. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్మారు. సగటున వచ్చింది 1,070 డాలర్లు. అమ్మాక ఇంటి ఆదాయం మూడో వంతు పడిపోయింది. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. కిడ్నీ పోయింది, అప్పు తీరలేదు.

ముట్టుకునే పని

మా అమ్మ ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు పారిశుధ్య పని చేసింది. అందుకని ఈ ముక్క రాయకుండా ఉండలేను. మార్పిడి గురించి రాసే డాక్టర్లు సర్జన్ గురించి, నర్సు గురించి, సమన్వయకర్త గురించి రాస్తారు. ఐ.సి.యు. నేల తుడిచే మనిషి లేకపోతే రోగనిరోధక శక్తి లేని ఆ రోగి ఒక్కరోజు బతకడు. శవాన్ని మార్చురీకి తోసుకెళ్ళే మనిషి లేకపోతే ఆపరేషన్ గది ఖాళీ అవదు. విశాఖలో ఈ పనులు తరతరాలుగా రెల్లి, మాల, మాదిగ కులాల మీద ఉన్నాయి. కరోనా కాలంలో సొంత బంధువులు దూరంగా నిలబడ్డ శవాన్ని సంచిలో చుట్టి బండి ఎక్కించింది ఎవరు? పూలు చల్లారు, చప్పట్లు కొట్టారు. మా అమ్మకి ఆ నెలల్లో ఇచ్చిన మాస్కు గుడ్డది, జీతం రెండు నెలలు ఆలస్యం.

ఈ సందర్భంలో డాక్టర్ సుధాకర్‌ని తలచుకోవాలి. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో డాక్టర్లకి ఎన్-95 మాస్కులు, రక్షణ దుస్తులు లేవని అడిగాడు, సస్పెండయ్యాడు. మే 16న విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా చేతులు వెనక్కి కట్టి పోలీసులు తీసుకుపోయిన దృశ్యం దేశమంతా చూసింది. హైకోర్టు సి.బి.ఐ. విచారణకి ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయాడు. మత్తు డాక్టరు లేకుండా ఏ మార్పిడి ఆపరేషనూ జరగదు, వెంటిలేటర్ చూసేది కూడా ఎక్కువగా వాళ్ళే. ఆసుపత్రికి అంత అవసరమయిన మనిషి మాస్కు అడిగితే జరిగింది ఇది. ఇంక తుడిచే మనిషి అడిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

టీకా వయసు

2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకీ, 45 దాటి జబ్బులున్నవాళ్ళకీ టీకా ఇచ్చారు. ఆ జబ్బుల జాబితాలో డయాలసిస్ ఉంది, మార్పిడి చేయించుకున్నవాళ్ళు, దానికోసం ఎదురుచూస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. జాబితా మంచిదే. వయసు గీత దగ్గరే వచ్చింది చిక్కు. కష్టం చేసుకునే కులాల్లో కిడ్నీలు 45 దాకా ఆగి పోవు. చిన్నాన్నకి అప్పుడు 43 ఏళ్ళు. మే 1 నుంచి 18 దాటిన అందరికీ అన్నారు గాని టీకాలు లేవు. ఏప్రిల్ 22న విశాఖ స్టీల్ ప్లాంటు నుంచి ఏడు ట్యాంకర్ల ఆక్సిజన్‌తో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకి బయల్దేరింది. అక్కడి ప్రాణాలు నిలిచాయి, సంతోషం. మే రెండో వారంలో చిన్నాన్నకి జ్వరం వచ్చింది. డయాలసిస్‌కి వెళ్ళిన చోటే అంటుకుంది అనుకుంటాం, రుజువేమీ లేదు. ఆరో రోజున పోయాడు. అంతకుముందు ఫిబ్రవరిలో పరీక్షలు మళ్ళీ మొదలుపెడితే పిన్నికి బి.పి. ఎక్కువగా ఉంది, ఆవిడ కిడ్నీ తీసుకోకూడదన్నారు. ఒక్క ఏడాదిలో వచ్చిన బి.పి. అది. తమ్ముడి పరీక్షలు సగంలో ఉన్నాయి.

అడగాల్సినవి

2022లో దేశంలో మార్పిడులు 16 వేలు దాటాయి, 2023లో 18,378 అయ్యాయి. కోలుకున్నాం అంటున్నారు. మొత్తం అంకె కోలుకుంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం కొన్ని మంచి మార్పులు చేసింది. చనిపోయిన దాతల అవయవాల కోసం ఏ రాష్ట్రంలోనయినా పేరు రాయించుకోవచ్చు, స్థానికత అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు తియ్యకూడదు, 65 ఏళ్ళ పరిమితి లేదు. ఇది ఉద్దానం మనిషికి ఒడిశా, తమిళనాడు తలుపులు తెరుస్తుంది, ప్రయాణం ఖర్చులు పెట్టుకోగలిగితే.

మన సంఘాలు ఆసుపత్రి అనగానే మందులు, మంచాల దగ్గర ఆగిపోతున్నాయి. ఇంకొంచెం లోపలికి వెళ్ళాలి. విశాఖ, శ్రీకాకుళం, విజయనగరంలో పనిచేసే మిత్రులు కొందరం కలిసి సమాచార హక్కు కింద ఈ సంగతులు అడగాలనుకుంటున్నాం. 2020, 2021లో ఉత్తరాంధ్ర ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాల్లో నమోదయిన రోగులు ఎంతమంది, వాళ్ళలో ఎన్ని సెషన్లు తప్పాయి, ఎంతమంది చనిపోయారు. ఆ రెండేళ్ళలో జీవన్‌దాన్ జాబితా నుంచి చావు వల్ల తీసేసిన పేర్లు ఎన్ని. దాతల్లో, తీసుకున్నవాళ్ళలో ఎస్.సి., ఎస్.టి., బి.సి.లు ఎంతమంది, ఆరోగ్యశ్రీ మీద చేయించుకున్నవాళ్ళు ఎంతమంది. మళ్ళీ ఇట్లాంటి రోగం వస్తే డయాలసిస్ రోగుల రవాణాకి జిల్లాలో రాతపూర్వక ఏర్పాటు ఏమన్నా ఉందా. ఐ.సి.యు.లో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకి డాక్టర్లతో సమానమయిన మాస్కు ఇవ్వాలన్న ఉత్తర్వు ఏదన్నా ఉందా.

దరఖాస్తు ముసాయిదా తయారయింది. డయాలసిస్ కార్డులు, పరీక్షల కాగితాలు దాచుకున్న కుటుంబాలుంటే మాకు చూపించమని పేటల్లో అడుగుతున్నాం. పిన్ని తన సంచి ఇచ్చింది. అందులో 2020 మార్చి ఆఖరి వారం రమ్మన్న చీటీ కూడా ఉంది.